మూడు నిమిషాలు

ముందు చచ్చినవాటిని లెక్కపెట్టాం.
వంతెన దగ్గర్నుంచి గొర్రెల రేవు దాకా
రెండు వందల పదకొండు ట్రౌట్లు,
రాళ్ళ కింద దాక్కునే మొద్దుతల చేపలు ముప్ఫై ఏడు,
మూరెడు పాముచేప ఒకటి.
అది గట్టెక్కింది.
గట్టెక్కింది కానీ, గట్టెక్కలేదు.

వేల్స్ కొండల్లో మార్చి. వాన ఇంకా వెలవలేదు.
పైన పెన్‌వెర్న్ పొలంలో మూడు వందల పాడి ఆవులు
చలికాలమంతా నింపిన పేడనీళ్ళ గుంట
మొన్న రాత్రి ఒక మూల కుంగింది.
నీరు పల్లమెరుగు అంటారు.
పేడనీళ్ళూ ఎరుగును.

మీటరు ముంచాను.
ఆక్సిజన్ ఫర్వాలేదంది, అమ్మోనియా దిగిందంది.
పాపం దానికి నిన్నటి సంగతి తెలీదు,
ముంచినప్పటి నీళ్ళ మాటే చెబుతుంది.
జరిగింది తెలియాలంటే
రాళ్ళ కింద కాపురముండేవాళ్ళనడగాలి.

వలను వాలుకు పట్టి, ఎదురుగా నిలబడి
అడుగు రాళ్ళను బూటుకాళ్ళతో కదపాలి
మూడు నిమిషాలు. ఎక్కువా కాదు, తక్కువా కాదు.
గట్టు మీద హెలెద్ సెకన్లు చదువుతోంది.
మొదటి ఉద్యోగం, రెండో వారం.
కంపుకి కళ్ళు కారుతున్నా
ముక్కు మూసుకోనని పంతం.

తెల్ల పళ్ళెంలో వల బోర్లించాం.
బతికున్న ఏరైతే ఈపాటికి పళ్ళెమంతా కితకితలు:
మూడు తోకల మేఫ్లై పిల్లలు,
ఇసుకరేణువులతో ఇల్లు కుట్టుకుని
ఇంటితో సహా నడిచే కాడిస్ పురుగులు,
అన్నిటికన్నా సుకుమారం, రెండు తోకల స్టోన్‌ఫ్లై.
ఏరుకి జ్వరమొస్తే ముందు అదే పోతుంది.

ఉన్నాయి. కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.
వాటి మధ్య ఎర్ర దారప్పోగుల్లా
మురుగులో బతకనేర్చిన పురుగులు నాలుగు, ఒక జలగ.
"సున్నాలు కూడా రాయాలా?" అంది హెలెద్.
ముందు అవే రాయాలి, అన్నాను.

పాలు పితికే ఏప్రన్‌తోనే దిగి వచ్చాడు ఇద్వాల్,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా.
మా ఫారంలో ఒక గడి ఉంటుంది:
సమాచారం ఇచ్చింది ఎవరు?
తెల్లవారుజాము నాలుగూ పదికి ఫోన్ చేసింది అతనే.
"గుంట నాదే" అన్నాడట, పేరు కంటే ముందు.
గడిలో అంత చోటు లేదు.

చారెడు పేడ పచ్చికకు తల్లి.
ఎన్ని చారెళ్ళు ఓర్చుకోగలవని
ఏటినెవరూ అడగలేదు. నేనూ అడగలేదు,
నెలనెలా సంతకాలు పెట్టిన దాన్ని.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.
చేపలకు నాలుగేళ్ళో ఐదేళ్ళో.
పురుగులు ముందే రావచ్చు, పైనుంచి కొట్టుకొస్తే.
"పైన ఉన్నాయా?"

గుంట దాటి, కంచె దాటి, ముగ్గురం ఎక్కాం.
ఈసారి సెకన్లు ఇద్వాల్ లెక్కపెట్టాడు
వాళ్ళ భాషలో, గొర్రెల్ని లెక్కపెట్టే గొంతుతో.
నూట ఎనభై అన్నాక
పళ్ళెంలో గోధుమరంగు మెరుపు ఒకటి
పక్కకి జరిగింది. రెండు తోకలు.
ఇంకొకటి. ఇంకొకటి.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
"అరవై ఏళ్ళుగా మా పశువులు ఈ నీళ్ళే తాగుతున్నాయి.
వీటి మొహం నేనెప్పుడూ చూళ్ళేదు."
బకెట్లో పట్టుకెళ్ళి కింద వదులుదామా అన్నాడు.
వద్దన్నాను.
మనం మొయ్యక్కర్లేదు, వాటికి దారి తెలుసు.
నీరు పల్లమెరుగు.

రిపోర్టు శుక్రవారం వెళ్తుంది.
జరిమానాకి మాత్రం అందులో పెద్ద గడి.
ఇద్వాల్ గడియారం చూసుకుని లేచాడు, పాలవేళ.
గుంట కుంగిందని ఆవులకెవరు చెబుతారు.
ఇవాళా పేడ వేస్తాయి.